రాస్తే నునుపు, ఆపితే మంట: 33 ఏళ్ల వయసులో మొటిమలు

ఈ వారం ఉత్తరం పశ్చిమ గోదావరి జిల్లాలోని ఓ పట్టణం నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. రాసినావిడకు 33 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. నాలుగేళ్ల బాబున్నాడు. ఇంటర్ చదివే రోజుల్లో రెండు మూడు మొటిమలు వచ్చి పోవడమే తప్ప పెద్దగా ఇబ్బంది పడలేదట. బాబు చేత పాలు మాన్పించాక మొదలయ్యాయి. గడ్డం చుట్టూ, దవడ వెంట, చెవి కింద, లోపల ఎక్కడో గట్టిగా గింజలా ఉండి ముట్టుకుంటే నొప్పి పెట్టే మొటిమలు. ఒకటి మానేలోపు పక్కనే ఇంకొకటి. నెలసరికి వారం ముందు మరీ ఎక్కువ.

"వేడి చేసిందమ్మా" అని అత్తగారు సబ్జా నీళ్లు, మజ్జిగ ఇచ్చారు. నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్టు, పార్లర్‌లో ఫేషియళ్లు అన్నీ అయ్యాయి. చివరికి వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. "వారంలో మొహం అద్దంలా అయిపోయింది" అని రాశారు. అది రెండేళ్ల కిందటి మాట. ఇప్పుడు రెండు రాత్రులు రాయకపోతే చాలు, మూడో రోజుకి మొహమంతా ఎర్రబడి, కారం పూసినట్టు మండి, మొటిమలు గుంపుగా లేస్తున్నాయి. మళ్లీ రాస్తే చల్లబడుతోంది. బుగ్గల మీద, గడ్డం కింద వెంట్రుకలు కనిపిస్తున్నాయి. నెలసరి 40 రోజులకో 45 రోజులకో వస్తోంది. "నాకేం తేడా కనిపించట్లేదు, ఊరికే టెన్షన్ పడతావ్" అంటారట భర్త. ఇంట్లో రెండో బిడ్డ గురించి మాటలు నడుస్తున్నాయి.

ఆవిడ అడిగినవి మూడు. ఈ వయసులో మొటిమలేమిటి? ఏ మందుతో పోతాయి? ఈ ట్యూబు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకేమైనా అవుతుందా? వీటితో పాటు ఇంకో సంగతి కూడా చివర్లో రెండు వాక్యాల్లో రాశారు. క్లాసులో ఓ పాప "టీచర్, మీకు దోమలు కుట్టాయా?" అని అడిగితే జవాబు చెప్పలేక బోర్డు వైపు తిరిగిపోయారట. మొహం కడుక్కునేటప్పుడు బాత్రూంలో లైటు వేయడం మానేశారట.

అమ్మా, ముందు ఆ ట్యూబు సంగతి మాట్లాడుకుందాం. మిగతావన్నీ దాని తర్వాతే.

మీరు పంపిన ఫొటోలో ట్యూబు తోక నుంచి చుట్టుకుంటూ మూత దాకా వచ్చేసింది. ఆఖరి బొట్టు దాకా పిండారు. ఫొటోని పెద్దది చేసి చూస్తే చిన్న అక్షరాల్లో మూడు పేర్లు కనిపించాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. మొదటిది నల్లమచ్చలకు. రెండోది మొటిమలకు, మచ్చలకు రెంటికీ పనికొస్తుంది. మూడోది స్టెరాయిడ్. వారంలో మొహాన్ని అద్దంలా చేసింది ఆ మూడోదే. ఎరుపునీ వాపునీ అది చప్పున అణిచేస్తుంది కాబట్టి మొటిమ తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, నూగు పెరుగుతుంది, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు పుడతాయి. ఆపిన మూడు నాలుగు రోజులకు చర్మం మండిపోతుంది. అప్పుడు ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆపితే ఎక్కువైంది కాబట్టి ఈ మందే నాకు పడుతోంది అనిపిస్తుంది. మీకు జరిగింది అదే.

నా ఓపీలో వారానికి పది మందైనా ఇలాంటి మొహాలతో వస్తారు. పెళ్లిచూపులకని మొదలుపెట్టినవాళ్లు, తెల్లబడతామని మొదలుపెట్టినవాళ్లు, అబ్బాయిలు కూడా. ఇది మీ తెలివితక్కువతనం కాదు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా కౌంటరు మీద నుంచి చేతికిచ్చేస్తున్నారు. మీ నమ్మకంతో ఆడుకున్నారని నాకు కోపంగానే ఉంది.

ఇది చదివి ఈ రాత్రి నుంచే ఆపేసి పళ్ల బిగువున భరించాలని చూడకండి. అలా చేసినవాళ్లలో చాలామంది ఐదో రోజుకి ఓడిపోయి మళ్లీ ట్యూబు కొంటారు. వారం పది రోజుల్లో చర్మవ్యాధి నిపుణుల్ని కలవండి. బోర్డు మీద ఎండీ డీవీఎల్ అనో, డీడీవీఎల్ అనో, డీఎన్‌బీ అనో ఉందా చూడండి. 'స్కిన్ క్లినిక్' అన్న పేరొక్కటే చూసి వెళ్లకండి. ఖర్చు భారమనుకుంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది. ట్యూబు మాన్పించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకేసారి ఆపించి, మంటనీ ఎరుపునీ అణచడానికి స్టెరాయిడ్ లేని పైపూత, కొన్ని వారాలు మాత్రలు ఇవ్వడం ఒకటి. తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌కి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అంటూ దించుకురావడం ఇంకొకటి. మొదటి దాంట్లో బాధ ఎక్కువ, త్వరగా తేలిపోతుంది. రెండో దాంట్లో రోజులు సాఫీగా గడుస్తాయి కానీ "ఇంకొక్క వారం" అంటూ సాగదీసే ప్రమాదం ఉంది. రెండేళ్ల వాడకం కాబట్టి డాక్టరు రెండోది ఎంచుకోవచ్చు. ఏదైనా మొదటి రెండు మూడు వారాలు గట్టిగా ఉంటాయి, పూర్తిగా కుదుటపడడానికి నెలలు పడుతుంది. వీలుంటే దసరా సెలవులో, వేసవి సెలవులో చూసుకుని మొదలుపెట్టండి. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మనిషికి ఆ వెసులుబాటు అవసరం.

ఆ వారాల్లో మొహానికి సబ్బు వద్దు. సున్నిపిండి, శనగపిండి, ముల్తానీ మట్టి, బ్లీచింగ్, వ్యాక్సింగ్ ఏవీ వద్దు. నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్పీఎఫ్ 30కి తగ్గని జెల్ సన్‌స్క్రీన్ చాలు. నిమ్మరసం జోలికి అసలు వెళ్లకండి. పల్చబడ్డ చర్మం మీద నిమ్మరసం పూసుకుని ఎండలో నడిస్తే వచ్చే మచ్చలు మొటిమల మచ్చల కన్నా ముదురుగా ఉంటాయి.

ఇక బిడ్డ సంగతి. పైపూతగా రాసే మందే కాబట్టి ఒంట్లోకి వెళ్లదులే అనుకోవడానికి లేదు. హైడ్రోక్వినోన్ చర్మం గుండా రక్తంలోకి బాగానే చేరుతుంది. ట్రెటినాయిన్ చాలా తక్కువగా చేరుతుంది కానీ గర్భంలో దాన్నీ వద్దనే అంటాం. ఒకవేళ తెలియక వాడినా అంతా అయిపోయిందని హడలిపోనక్కర్లేదు, వెంటనే ఆపి డాక్టరుకు చెబితే సరిపోతుంది. కానీ ఆ ట్యూబు రాసుకుంటూ బిడ్డ కోసం ప్రయత్నించడం మాత్రం సరికాదు. ఇంకోటి. మీకు నెలసరి 45 రోజులకు వస్తోంది. తప్పిందో, ఆలస్యమైందో మీకే తెలియదు. అందుకే ఏ మందు మొదలుపెట్టేముందైనా ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్‌తో ఒకసారి చూసుకోండి.

ఈ వయసులో ఎందుకు అని అడిగారు. 25 దాటాక కూడా ఆడవాళ్లలో మొటిమలు ఉండిపోవడం, లేదా కొత్తగా మొదలవడం మామూలుగా చూసేదే. ఇవి ఎక్కువగా మీరు చెప్పిన చోటే, గడ్డం, దవడల దగ్గరే వస్తాయి, నెలసరి ముందు ఎక్కువవుతాయి. పురుష హార్మోన్లు ఆడవాళ్ల ఒంట్లో కూడా కొద్దిగా ఉంటాయి. వాటి ప్రభావం పెరిగినా, వాటికి చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా స్పందించినా జిడ్డు పెరుగుతుంది. రంధ్రం మూసుకుని, లోపల బ్యాక్టీరియా పెరిగి వాస్తుంది. ఒంట్లో వేడికీ దీనికీ సంబంధం లేదు. మజ్జిగ తాగండి, మంచిదే, మొటిమలకు మాత్రం కాదు. మామిడిపండు, కోడిగుడ్డు మానాలనడానికి గట్టి ఆధారం లేదు. తీపి, మైదా, కూల్‌డ్రింకులు తగ్గిస్తే కొందరికి తేడా కనిపిస్తుంది. ఒంట్లో నీరసంగా ఉందని బీ12 ఇంజక్షన్లు గానీ చేయించుకుంటున్నారా? వాటితో కూడా కొందరికి మొటిమలు లేస్తాయి. ఉంటే డాక్టరుకు చెప్పండి.

వెంట్రుకల విషయంలో ఒక చిక్కుముడి ఉంది. బుగ్గల మీద మెత్తటి నూగు అయితే అది ట్యూబు పని కావచ్చు. గడ్డం కింద నల్లగా, ముదురుగా, గుచ్చుకునేలా ఉంటే పురుష హార్మోన్ల వల్ల కావచ్చు. మీరు రెండు చోట్లా అన్నారు. దానికి నెలసరి 35 రోజులు దాటి రావడం తోడైంది కాబట్టి పీసీఓఎస్ (హార్మోన్లు అటూ ఇటూ అయి అండాశయాల పని గాడి తప్పే సమస్య) ఉందేమో చూడాలి. పేరు చూసి బెంగ పడకండి, చాలామందికి ఉండేదే. స్కానింగ్, టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలతో గైనకాలజిస్టు తేల్చేస్తారు. ఈ పరీక్షలు మొటిమల కోసం మాత్రమే కాదు. అండం సరిగ్గా విడుదల కాకపోతే రెండో బిడ్డకి కూడా ఆలస్యమవుతుంది. అందుకే మొహం డాక్టరు, గైనిక్ డాక్టరు అని రెండు వేర్వేరు గొడవలుగా చూడకండి. మీ విషయంలో రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

ఏ మందుతో పోతాయి అన్న ప్రశ్నకు జవాబు, బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

బిడ్డ ముందు అనుకుంటే, ట్యూబు మాన్పించాక మీకు మిగిలే ముఖ్యమైన మందు అజెలాయిక్ యాసిడ్. 15 లేదా 20 శాతం జెల్‌గా, క్రీముగా దొరుకుతుంది. గర్భంతో ఉన్నా వాడుకోవచ్చు, మొటిమలతో పాటు నల్లమచ్చలనీ తగ్గిస్తుంది. మొదట్లో కొద్దిగా చురచుర. దానికి తోడుగా 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రోజుకోసారి. 5 శాతం, 10 శాతం ఎక్కువ పని చేస్తాయనుకుంటారు. 2.5 శాతం దాదాపు అంతే పని చేస్తుంది, మంట తక్కువ. రాసుకున్న రాత్రి రంగు దిండుగలేబు వాడకండి, తెల్లారేసరికి మరకలు మరకలుగా రంగు పోతుంది. ఈ దారిలో సమస్య ఏంటంటే ఫలితం నెమ్మది, లోపలి గట్టి మొటిమలు పూర్తిగా లొంగకపోవచ్చు. గర్భంలో కొందరికి తగ్గుతాయి, కొందరికి ఎక్కువవుతాయి. ముందే చెప్పలేం. గర్భం, ఆ తర్వాత పాలిచ్చే రోజులు కలిపి చూసుకుంటే రెండేళ్ల దాకా ఇంతకన్నా గట్టి మందులు చాలావరకు కుదరవు. అది తెలిసి ఎంచుకుంటే బాధ ఉండదు.

ఒక ఏడాది బిడ్డని వాయిదా వేయగలిగితే చేతిలో మందులు ఎక్కువ. పీసీఓఎస్ తేలితే గర్భనిరోధక మాత్రలు నెలసరినీ మొటిమల్నీ రెంటినీ దారిలో పెడతాయి. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ రక్తం గడ్డకట్టిన జబ్బు, మీకు మైగ్రేన్, బీపీ ఉన్నాయేమో డాక్టరుకు ముందే చెప్పాలి. స్పైరనోలాక్టోన్ అని ఇంకో పాత మాత్ర ఉంది, బీపీకి, నీరు పట్టడానికి వాడేది. పురుష హార్మోన్ల పనిని అడ్డుకుంటుంది కాబట్టి మీలాంటి దవడ మొటిమలకి బాగా పనికొస్తుంది. 2023లో బ్రిటన్‌లో 410 మంది మహిళల మీద చేసిన పరిశోధనలో 12 వారాల కన్నా 24 వారాలకు తేడా బాగా కనిపించింది. అంటే ఓపిక కావాలి. దీన్ని వాడేటప్పుడు గర్భం రాకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రభావం పడే అవకాశం ఉంది.

ఈ దారిలోనే అన్నిటికన్నా గట్టిది ఐసోట్రెటినాయిన్ మాత్ర. ఆరు నెలలు, ఒక్కోసారి ఎక్కువ. పెదాలు ఎండిపోతాయి, కళ్లు పొడిబారతాయి, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. మనసు బాగా కుంగినట్టనిపిస్తే వెంటనే చెప్పాలి. గుంటలు పడే రకం మొటిమలైతే నేను దీన్నే ముందు ఆలోచిస్తాను, ఎందుకంటే పడ్డ గుంటని తర్వాత పూడ్చడం చాలా కష్టం. "ఆ మాత్ర వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరట" అని మీకెవరో చెప్పి ఉంటారు. అది అబద్ధం. నిజం వేరే ఉంది, అది ఇంకా ముఖ్యం. వాడుతున్నప్పుడు గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన అవయవ లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకని మొదలుపెట్టేముందు గర్భం లేదని పరీక్ష, వాడినంతకాలం, ఆపాక ఇంకో నెల రోజులు గర్భం రాకుండా పక్కా జాగ్రత్త. ఆ నెల దాటాక బిడ్డ కోసం నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. ఒక్క మాట. పీసీఓఎస్ ఉంటే, ఇది ఆపాక మొటిమలు మళ్లీ తిరగబెట్టే అవకాశం మామూలుకన్నా ఎక్కువ.

ఏదీ తేల్చుకోలేకపోతే, ఆరు నెలలు మాత్రం వాయిదా వేసి, చర్మం కుదుటపడ్డాక అడాపలీన్ జెల్ (ట్రెటినాయిన్ లాంటి పైపూతే), బెంజాయిల్ పెరాక్సైడ్‌తో మొదలుపెట్టొచ్చు. మాత్రలు లేకుండా చేసే ప్రయత్నం. బిడ్డ కోసం అనుకున్న రోజున అడాపలీన్ ఆపి అజెలాయిక్ యాసిడ్‌కి మారితే చాలు. రాత్రి పూట మొహం తుడుచుకుని ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొటిమ ఉన్న చోట మాత్రమే కాకుండా ఆ భాగమంతా పల్చగా రాయాలి. మొదట వారానికి రెండు మూడు రాత్రులే. మూడు నాలుగు వారాలప్పుడు కాస్త ఎక్కువైనట్టు కనిపిస్తుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఈరోజు పైకి కనిపించిన మొటిమ కొన్ని వారాల కిందటే లోపల మొదలైంది. కాబట్టి ఏ మందైనా పని చేస్తోందో లేదో 8 నుంచి 12 వారాలకు గానీ తెలియదు. వారంలో అద్దంలా చేసే మందు ఇంకోటి ఎవరైనా చేతిలో పెడితే వెంటనే అనుమానించండి.

నా మనసులో మాట చెప్పమంటే, ముందు పరీక్షలు చేయించండి, ట్యూబు నుంచి బయటపడండి. ఈ రెంటికే మూడు నాలుగు నెలలు పడుతుంది. దారి ఎంచుకోవడానికి అప్పుడు తొందర ఉండదు, చేతిలో రిపోర్టులు ఉంటాయి. 33 ఏళ్లకు ఒక ఏడాది ఆగడం మామూలుగా పెద్ద విషయం కాదు. కానీ పీసీఓఎస్ రిపోర్టు చూసి గైనకాలజిస్టు ఆలస్యం చేయొద్దంటే ఆ మాటకి విలువ ఇవ్వండి. అప్పుడు మొదటి దారే మీది.

మీ ఆయన్ని గైనిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. "నాకేం తేడా కనిపించట్లేదు" అన్నది మిమ్మల్ని ఊరడించాలనే అని ఉంటారు. కానీ మీరు లైటు ఆపుకుని మొహం కడుక్కుంటున్న సంగతి ఆయనకి తెలుసా? తెలియకపోతే చెప్పండి. గర్భం రాకుండా జాగ్రత్త పడే బాధ్యత ఆయనది కూడా, డాక్టరు ఎదురుగా కూర్చుని వింటే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి వాతావరణాన్ని బట్టి. దాచితే నెల నెలా "ఏమన్నా విశేషమా?" అన్న ప్రశ్న తప్పదు. మొటిమల మందు కోసం బిడ్డని వాయిదా వేస్తున్నామంటే ఆవిడకి కష్టంగా తోచవచ్చు. "నెలసరి సరిగ్గా రావట్లేదత్తయ్యా, దానికి మందు వాడమన్నారు, తర్వాతే అన్నారు" అనండి. అది నిజమే కదా.

గుంటల కోసం లేజర్లు, సూదుల చికిత్సల ప్యాకేజీలు ఇప్పుడే కొనకండి. కొత్త మొటిమలు ఆగి కొన్ని నెలలైతే గానీ వాటిని మొదలుపెట్టకూడదు. నల్లమచ్చలు చాలావరకు వాటంతటవే పల్చబడతాయి, సన్‌స్క్రీన్ మానకుండా, గిల్లకుండా ఉంటే. గిల్లే చెయ్యి ఎప్పుడు పైకి వెళ్తోందో గమనించండి. కాపీలు దిద్దేటప్పుడు ఎడమ చెయ్యి గడ్డం మీదే ఉంటుందని మీరే రాశారు. ఆ చేతికి ఏదో ఒక పని ఇవ్వండి, రబ్బరు పట్టుకోండి, స్కేలు పట్టుకోండి.

ఆ పాప మళ్లీ అడిగితే, "దోమలు కాదమ్మా, మొటిమలు. మందు రాస్తున్నాను" అని చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ జవాబు చాలు, మరుక్షణం పెన్సిలు ముక్క పోయిందని ఇంకో ప్రశ్న వేస్తుంది. బాత్రూంలో లైటు ఇప్పుడే వేసుకోలేకపోతే ఫర్వాలేదు. కానీ నెలకొకసారి, ఒకే కిటికీ దగ్గర, పగటి వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టండి. రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు, 12 వారాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకూ డాక్టరుకూ తెలుస్తుంది. ఆ ఫొటోలు రోజూ తెరిచి చూసుకోకండి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, స్కూలుకి వెళ్లాలంటేనే ఏడుపు వస్తున్నా అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. సిగ్గుపడకండి.

చివరిగా, ఆ చుట్టిన ట్యూబుని కోపంతో పారేయకండి. నెలసరి తేదీలు రాసుకున్న కాగితంతో పాటు బ్యాగులో పెట్టుకోండి. డాక్టరు ముందుగా చూడాల్సింది దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మూడు పేర్లనే.